పెద్దమ్మ చెవి మిషనుకు ఛార్జరు కొన్న ఏడాది

మొన్న మా ఇంట్లో బీపీ మిషను మళ్ళీ మొరాయించింది. నాలుగు పెన్సిల్ సెల్లు మింగే మిషను అది, పట్టుమని నెల తిరక్కుండానే అంకెలు మసకబారిపోయి, నా రక్తపోటు సంగతి చెప్పకుండానే కళ్ళు మూసుకుంటుంది. దానికి సెల్లు కొనీ కొనీ నాకే బీపీ పెరిగేట్టుందని విసుగెత్తి, నరసరావుపేట బజారులో ఎలక్ట్రికల్ షాపుకు పోయి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే సెల్లూ, వాటికో ఛార్జరూ చూపించమని అడిగాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి రంగురంగుల అట్టపెట్టెలు వరసగా పేర్చింది. ఇక నేను మొదలుపెట్టాను: ఒక్కో సెల్లుకు విడిగా లైటుందా, లేక రెండేసి పెడితేనే ఎక్కుతుందా, నిండగానే దానంతటది ఆగిపోతుందా, లేక మనమే కాపలా కాసి తియ్యాలా, పెద్ద సెల్లు కూడా పడతాయా, చెయ్యి పెడితే చుర్రుమంటుందా? ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, ఆంటీ మీరు కరెంటు డిపార్టుమెంటులో చేశారా అంది. నాకు నవ్వాగలేదు.

సెల్లు నిండగానే తనంతట తానే ఆగే ఛార్జరు ఒకటి తీసుకుని ఇంటికొచ్చి, ప్లగ్గులో పెట్టి, లైట్లు వెలగడం చూశానో లేదో, నా ప్రాణం ఎనభైల్లోకి పరుగెత్తింది. మాచర్ల, మా పెద్దమ్మ ఇంటి ముందు గది, రేడియో పక్కన ఒకే ఒక్క ప్లగ్గు, ఆ ప్లగ్గులో నల్లటి డబ్బా, దాని మీద ఎర్రలైటు! అబ్బ, ఆ ఎర్రలైటు కోసం మేము పడ్డ ఆరాటం ఇంతా అంతా కాదు.

మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో సెల్లు అయిపోయిందంటే పారేసే అలవాటు ఎవరికీ లేదు. పిట్టగోడ మీద వడియాల పక్కన వాటినీ ఎండబెట్టేవాళ్ళం. సాయంత్రానికి టార్చిలో వేస్తే కాసేపు ఎర్రగా మిణుకుమనేది, అదే మహాభాగ్యం. ఎండకు కూడా లొంగకపోతే పళ్ళతో కొరికి సొట్టలు పెట్టేవాళ్ళం. మా పెద్దనాన్న టార్చి సెల్లన్నిటి మీదా ఆయన పంటి గాట్లు ఉండేవంటే నమ్మండి. అలాంటి కాలంలో, చచ్చిన సెల్లుకు కరెంటుతో ప్రాణం పోయొచ్చంటే ఎవరు నమ్ముతారు?

నాకప్పుడు కొత్తగా ఉద్యోగం వచ్చింది. మాచర్లలో ఒక బడిలో సైన్సు టీచరుగా చేరి, మా అమ్మకు అక్క అయిన మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. వాళ్ళ ఆడపిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు, ఇంట్లో పెద్దమ్మా పెద్దనాన్నా ఇద్దరే. నేను చేరడానికి చాలా ఏళ్ళ ముందే పెద్దమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ వినికిడి కాస్తా పట్టుకుపోయింది. గుంటూరు డాక్టరు ఇచ్చిన చెవి మిషను ఒకటి ఉండేది, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా. దాన్ని జాకెట్టుకు తగిలించుకుంటే, అందులోంచి ఒక తీగ వచ్చి చెవిలో గుండీలాగా కూర్చునేది. అందులో ఒక పెన్సిల్ సెల్లు పడుతుంది. అది ఉన్నంతసేపు పెద్దమ్మకు లోకం వినపడేది, లేకపోతే లేదు.

కానీ ఆ మిషను ఎప్పుడూ కట్టేసే ఉండేది. సెల్లు అయిపోతుందని ఆవిడ భయం. పోస్టుమాను వస్తే మిషను ఆన్, అతను గేటు దాటగానే ఆఫ్. గాజులమ్మితో బేరం ఆడేటప్పుడు ఆన్, బేరం తెగగానే ఆఫ్. మనం ఏదైనా చెప్పాలంటే ముందు చేత్తో మీట తిప్పినట్టు సైగ చెయ్యాలి, ఆవిడ మన ముఖం చూసి, ఈ మాటకు సెల్లు ఖర్చు పెట్టొచ్చా లేదా అని ఆలోచించి, అప్పుడు తిప్పేది. నేను బడిలో జరిగిన కబుర్లు మోసుకొచ్చి ఎన్నిసార్లు సైగ చేశానో, పనికిమాలిన కబురని ఎన్నిసార్లు చెయ్యి ఊపి పంపేసిందో! పోనీ కొత్త సెల్లు కొనుక్కోవచ్చు కదా అంటారేమో, మాచర్ల అంగళ్ళలో దొరికే పెన్సిల్ సెల్లు ఏ కాలంనాటివో ఎవరికీ తెలియదు, కొన్ని కాగితం చుట్ట విప్పేసరికే చచ్చి ఉండేవి.

ఇక మా పెద్దనాన్న సంగతి చెప్పాలి. పగలంతా మిరప చేలో ఉండే మనిషి, సాయంత్రమైతే పద్యనాటకాల పిచ్చి. ఆయనది ఎప్పుడూ రాజు వేషమే. అంత ఎత్తూ, ఆ మీసమూ, ఆ గొంతూ, కిరీటం పెట్టుకుని నిలబడితే మా పల్నాడు మొత్తం ఆయనదే అనిపించేది. పెద్దమ్మకు జ్వరం రాకముందు ఇంటి వసారాయే ఆయన సాధన చేసుకునే చోటట. ఆయన పుస్తకం పట్టుకుని పాడుతుంటే, ఆవిడ తిరగలి తిప్పుతూ, పిండి చేతులతోనే తప్పులు దిద్దేదట. పుస్తకం ఆయన చేతిలో ఉంటే పద్యం ఆవిడ నోట్లో ఉండేదని మా అమ్మ అంటుండేది. నేను వెళ్ళేనాటికి మాత్రం ఆయన ఇంట్లో ఒక్క పద్యం ఎత్తేవాడు కాదు. బజారులో ఒక రైసుమిల్లు గోడౌనులో తన బృందంతో కూర్చుని సాధన చేసి వచ్చేవాడు. ఇంట్లో ఎందుకు పాడవు పెద్దనాన్నా అని అడిగితే, గొంతు బాగోలేదులే అని తప్పించుకునేవాడు.

నేను వెళ్ళడానికి ముందు ఏడాది గురజాల పరిషత్తులో, అంటే ఏటేటా జరిగే నాటకాల పోటీల్లో, ఆయన నాటకానికి పెద్దమ్మ కొత్త సెల్లు కొనుక్కుని మరీ వెళ్ళింది. తెర లేచింది, మిషను తిప్పింది, మొదటి పద్యం రెండో పాదంలో ఉండగానే చెవిలో గరగరమని మిషను నోరు మూసుకుంది. మిగిలిన నాటకమంతా ఆవిడ ఆయన చేతులు ఆడటం, నోరు తెరవడం చూస్తూ కూర్చుని ఇంటికొచ్చింది. ఆ మాట నాకు చెప్పేటప్పుడు కూడా ఆవిడ ఏడవలేదు, ఆ సెల్లు అమ్మినవాణ్ణి మాత్రం ఏడు తరాలూ తిట్టింది.

ఆ ఏడు మిరపకోతల కాలంలో పెద్దనాన్నకు ఆయాసం ముదిరింది. మిరప ఘాటూ, చుట్టలూ కలిసి ఊపిరితిత్తుల్ని తినేశాయని డాక్టరు చెప్పాడు. ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని, ఈసారి గురజాల పరిషత్తుతో సరి, ఇక ముఖానికి రంగు పూసుకోను అని తేల్చేశాడు. పెద్దమ్మ మిషను కట్టేసి ఉంది, నా ముఖం చూసి ఏదో జరిగిందని కనిపెట్టి మీట తిప్పింది. నేను ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. అన్నం కలిపే చెయ్యి కలిపినట్టే ఆగిపోయింది.

పొద్దున్నే నేను బడికి బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆయన పద్యం ఒక్కటన్నా నిండుగా వినాల్నే అమ్మాయ్. ఇంక పాడడంట. ఏదన్నా చెయ్యవే, చదువుకున్నదానివి."

వినపడనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, ఆవిడ నా చెవిలో రహస్యంగా చెప్పాననుకున్న ఆ మాట వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. ఏం చేస్తానో తెలియదు గానీ చేసి తీరాలనుకున్నాను.

దారి చూపించింది మా మేనమామ. పెద్దమ్మకూ మా అమ్మకూ ఒక్కడే తమ్ముడు, చిలకలూరిపేట నుంచి మద్రాసుకు పత్తి లారీ తోలేవాడు. ఆ నెలలో వచ్చినప్పుడు మాటల్లో చెప్పాడు, ఫారిను సెల్లు ఉన్నాయంట, అయిపోతే కరెంటులో పెడితే మళ్ళీ నిండుతాయంట, తమ ఊళ్ళో ఒక భాయి దుకాణంలో కూడా అమ్ముతున్నాడని. నేను ఎగిరి గంతేశాను. సెల్లు మన ఇంట్లోనే, మన కళ్ళ ముందే నింపుకుంటే, అది నిండిందో లేదో అంగడివాడి మాట నమ్మాల్సిన పని లేదు! శనివారం మధ్యాహ్నం బడి విడిచీ విడవగానే బస్సెక్కి చిలకలూరిపేటలో దిగి, మామను వెంటబెట్టుకుని ఆ దుకాణానికి పోయాను.

ఆ దుకాణం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. గల్ఫులో ఉన్న తమ్ముళ్ళు పంపిన సామాను, టార్చిలు, అత్తరు సీసాలు, మెరిసే గడియారాలు, పాటల క్యాసెట్లు, అడుగు పెడితే ఇంకో దేశంలో అడుగు పెట్టినట్టే. భాయి మా ముందు మూడు ఛార్జర్లు పెట్టాడు. ఒకటి పెద్దది, అన్ని సైజుల సెల్లూ పట్టేది, ముల్లు తిరిగే మీటరు కూడా ఉంది. రెండోది వెండిలా తళతళలాడుతోంది. మూడోది నల్లగా, అరచేతిలో పట్టేంతది, దాని ముఖాన ఒక్క ఎర్రలైటు తప్ప ఇంకేమీ లేదు.

మామ కళ్ళు వెండిదాని మీద పడ్డాయి. "దర్జాగా ఉండేది తీసుకోవే, అక్కకిచ్చేది," అన్నాడు. నేను దాన్ని తిరగేసి వెనక చిన్న అక్షరాలు చదివాను, నూటపది వోల్టులని ఉంది. మన గోడల్లో కరెంటు రెండు వందల ఇరవై. భాయికి చూపిస్తే పకపకా నవ్వి, "అది అమెరికా కరెంటుదమ్మా, దానికి ఇంకో డబ్బా కొని తగిలించాల. లేకపోతే మన ప్లగ్గులో పెట్టంగానే కబాబే," అన్నాడు. ముందే చెప్పొచ్చుగా భాయ్ అని మామ కోప్పడితే, నువ్వు అడగలేదుగా అన్నాడు. పెద్దదాన్ని చూస్తే అది పెద్ద సెల్లకే బాగుంది, పెన్సిల్ సెల్లు పెడితే వదులై జారిపోతున్నాయి. చివరికి ఆ నల్లపిల్లనే పట్టుకున్నాను. మన కరెంటుకు పనికొస్తుంది, పెన్సిల్ సెల్లు గట్టిగా పట్టుకుంటుంది, నాకు కావలసింది అదే కదా. వెలిగించి చూపిస్తేగానీ కొననని మొండికేసి కూర్చున్నాను. ఒక సెల్లు పెట్టాడు, వెలగలేదు. నా పై ప్రాణం పైనే పోయింది. రెండోది కూడా పెట్టాడు, ఎర్రగా వెలిగింది! జంటగా పెడితేనే ఎక్కుతుందట ఆ డబ్బాకు. అందుకని, మిషనులో పడేది ఒక్కటే అయినా నాలుగు సెల్లు కొన్నాను, రెండు వాడుకుంటుంటే రెండు నిండుతాయని. ధర మాత్రం అడక్కండి, నా ఆ నెల జీతంలో బస్సు చార్జీలే మిగిలాయి.

మర్నాడు తిరుగు బస్సులో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, నరసరావుపేటలో జనం ఎక్కి మీద పడుతుంటే రెండు చేతులూ అడ్డం పెట్టి, మాచర్ల దాకా కిటికీ బయటకు కూడా చూడకుండా వచ్చాను. పెద్దమ్మ గుమ్మంలోనే ఆపింది. మా వాళ్ళ ఇళ్ళల్లో కొత్త మిషను ఏదొచ్చినా, మోటారైనా, సైకిలైనా, కుట్టుమిషనైనా, పసుపు రాసి బొట్టు పెట్టి హారతి ఇస్తే గానీ వాడకూడదు. ఛార్జరు నెత్తిన కూడా బొట్టు పడింది. పెద్దనాన్న తుండు దులుపుకుంటూ వచ్చి, "ఏందే, కొత్త దేవుడా?" అని వేళాకోళం చేశాడు. ఆవిడకు వినపడలేదు గనక బతికిపోయాడు.

ఛార్జింగు పెట్టడమంటే ఇప్పటిలా పెట్టి మర్చిపోవడం కాదండీ. పొద్దుగూకేటప్పుడు పెడితే మర్నాడు పొద్దెక్కేదాకా ఉండాలి. నిండితే ఆగే తెలివి ఆ డబ్బాకు లేదు. మనమే తియ్యాలి, మరిస్తే సెల్లు వేడెక్కి పాడవుతాయి. మధ్యలో కరెంటు పోయేది. మా మాచర్లలో కరెంటు చుట్టంచూపుకే వచ్చేది కదా! పోయినప్పుడల్లా పెద్దమ్మ విసనకర్ర పట్టుకుని ఆ డబ్బా ముందు కూర్చునేది, ఎర్రలైటు మళ్ళీ వెలిగిందంటే చాలు, "వచ్చిందే!" అని అరిచే అరుపుకు పక్కింటివాళ్ళు కూడా స్విచ్చులు వేసుకునేవాళ్ళు. జ్వరం చూసినట్టు సెల్లు మీద చెయ్యి పెట్టి, గోరువెచ్చగా ఉంది ఇంకా తాగతంది అనేది. మొదటి సెల్లు నిండి మిషనులో వేసి మీట తిప్పగానే కుయ్యిమంది చూడండి, ఆవిడ ముఖం చాటంతయింది.

ఆ తర్వాత మీట కట్టేసే పనే లేదు. పొద్దున లేచింది మొదలు చెవిలో గుండీ ఉండాల్సిందే. ఎండుమిరపకాయలు పోస్తుంటే లోపల గింజలు గలగలమంటాయని పిలిచి నాకు చెప్పింది. పిచ్చికలింత గోల చేస్తున్నాయేంది, ఇన్నేళ్ళూ ఎట్టా భరించారే అంది. నా కబుర్లన్నీ ఇప్పుడు తనే అడిగి చెప్పించుకునేది. ఇంకో తమాషా, ఆవిడకు వినపడదన్న ధైర్యంతో ఎదురుగానే మాట్లాడుకోవడం వీధిలో ఆడవాళ్ళకు అలవాటు. పక్కింటి అత్త అరుగు మీద కూర్చుని, ఈవిడ పచ్చట్లో ఉప్పు చానా ఎక్కువ, నోట్లో పెట్టలేం అంది. పెద్దమ్మ తల తిప్పకుండా, "అందుకేనా పోయిన్నెల గిన్నె నాకి పంపావు?" అంది. అత్త బిక్కచచ్చిపోయింది. పాపం ఆ అత్తే మర్నాడు వీధిలో చచ్చిన టార్చి సెల్లన్నీ చేటలో పోసుకుని మా గుమ్మంలోకి వచ్చి, "మాయ్యి కూడా కాస్త కరెంటులో పెట్టవే టీచరమ్మా," అని అడిగింది. ఇవి మామూలు సెల్లత్తా, ఇందులో పెడితే కారిపోతాయి, పగిలినా పగులుతాయని ఎంత చెప్పినా, మేం పరాయివాళ్ళమై పోయామా అని నాలుగు రోజులు మాట్లాడలేదు.

అన్నీ వింటోంది గానీ, పెద్దమ్మకు కావలసిన గొంతు మాత్రం ఇంట్లో వినపడటం లేదు. పెద్దనాన్న ఇప్పుడూ గోడౌనుకే పోయి పాడుకుని వస్తున్నాడు. అడగడానికి ఆవిడకు అభిమానం. "పరిషత్తులోనే వింటాలే," అనేది.

పరిషత్తు రోజు రానే వచ్చింది. చీటీలు తీస్తే మొదటి నాటకం మాదే వచ్చింది, దీపాలు పెట్టేవేళకే తెర లేస్తుందన్నారు. ఆ ముందు రెండు రోజులూ నేను నాలుగు సెల్లూ జంటలు మార్చి నింపి, నిండినవి నిండినట్టు మూట కట్టి పెద్దమ్మకు అప్పజెప్పి, నాకు బడి ఉందని పరుగెత్తాను. సాయంత్రం నేరుగా గురజాల బస్సెక్కి పందిట్లో వాళ్ళను కలుసుకున్నాను. పట్టుచీర, పూలు, జాకెట్టుకు మిషను, ఆడవాళ్ళ చాపల మీద ముందు వరసలో పెద్దమ్మ కొత్తపెళ్ళికూతురిలాగా కూర్చుని ఉంది. నన్ను చూడగానే, కట్టేసే ఉంచానే, తెర లేచేటప్పుడే తిప్పుతా అని గర్వంగా చెప్పింది.

హార్మోనియం మోగింది. తెర కదిలింది. పెద్దమ్మ మీట తిప్పింది. ఏమీ లేదు. మళ్ళీ తిప్పింది, మిషనును గట్టిగా తట్టింది. నా వైపు చూసిన ఆ చూపు ఉందే, నేను చచ్చేదాకా మర్చిపోను. చప్పున మూటలోంచి రెండో సెల్లు తీసి వేశాను. అదీ మూగే. మూడోది వేశాను. అయ్యో, నేనే నింపిన సెల్లు, నా చేత్తో పట్టి వెచ్చదనం చూసి తీసినవి, అన్నీ ఒక్కసారి ఎలా చస్తాయి? స్టేజీ మీద రాజు అడుగు పెట్టాడు, పందిరంతా చప్పట్లు. స్టేజీ వెలుతురులో సెల్లును కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. కొసన పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. తిరగేశాను, అడుగున కూడా పచ్చనే, దాని మీద ఎర్రచుక్క!

పసుపూ కుంకుమా! పొద్దున ఆయన కిరీటానికీ, హార్మోనియానికీ, రంగుపెట్టెకూ బొట్లు పెడుతూ, పెద్దమ్మ ఈ నాలుగు సెల్లకూ తలా తోకా భక్తిగా పసుపు ముద్ద అద్ది, కుంకుమ పెట్టి, ఆరనిచ్చి మూట కట్టింది. ఎండిన పసుపు పొర దాటి కరెంటు ఎట్లా పోతుందండీ! తిట్టడానికి టైము లేదు. జడలో పిన్ను లాగి గీకాను, కొంగు తడిచేసి తుడిచాను, పొడికొంగుతో మళ్ళీ తుడిచాను. పక్కన అమ్మలక్కలు ఏమైందే ఏమైందే అంటున్నారు. వేశాను. మీట తిప్పాను.

కుయ్యిమంది!

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజులు నొక్కుకుపోయాయి. సరిగ్గా అప్పుడే పెద్దనాన్న మొదటి పద్యం ఎత్తుకున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి, ఆయనతో పాటే, మాట మాటకూ. నేను నాటకం చూడలేదు, ఆవిడ ముఖమే చూశాను. అంత సంతోషం ఒక మనిషి ముఖంలో పట్టడం నేను అంతకుముందు ఎరగను.

నాటకం సగంలో ఆయన పేరు మోసిన పెద్ద పద్యం వచ్చింది. రెండు పాదాలు నిండుగా పాడాడు, మూడో పాదం ఎత్తుకోబోతూ ఊపిరి అందక దగ్గొచ్చి ఆగాడు. దగ్గు తగ్గింది గానీ మాట రావడం లేదు. ముఖానికి అంత రంగు ఉన్నా పాలిపోవడం కనపడింది. హార్మోనియం అతను శృతి సాగదీస్తున్నాడు, తెర పక్కన పుస్తకం పట్టుకున్నతను పేజీలు తిరగేస్తున్నాడు. అప్పుడు నా పక్కనుంచి, పెద్దమ్మ తను గొణుగుతున్నాననుకుని, మూడో పాదం మొదటి మాటలు అందించింది. గొణుగుడు కాదది, చివరి వరస దాకా ఖంగుమని వినపడింది.

అంత జనం ఒక్కసారి ఇటు తిరిగారు. రాజు కూడా ఇటు చూశాడు. ఒక్క క్షణం అట్లాగే చూస్తూ ఉండిపోయాడు, తన భార్యకు తన పద్యం వినపడుతోందని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఎత్తాడు చూడండి మూడో పాదం! ఆయాసం ఏమైందో, ఆ రాగం ఎక్కడి నుంచి వచ్చిందో, పందిరి గుంజలు కదిలాయి. వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని ఈలలు. మళ్ళీ పాడాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ పాడాడు. ప్రతిసారీ ఇటు చూసే పాడాడు.

బహుమతి రాలేదు లెండి. ప్రేక్షకుల్లోంచి మాట అందిందని మార్కులు తగ్గించారట, మొదటి బహుమతి వేరే ఊరివాళ్ళు పట్టుకుపోయారు. పెద్దనాన్న దాని ఊసే ఎత్తలేదు. ఇంటికొచ్చేటప్పుడు ట్రాక్టరు ట్రక్కులో అందరం కూర్చున్నాం, ఆయన కొబ్బరినూనె గుడ్డతో రంగు తుడుచుకుంటున్నాడు. పెద్దమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఏందయ్యా, ఇంత గొంతు పెట్టుకుని ఇన్నేళ్ళూ ఇంట్లో ఒక్క పద్యం పాడలేదేంది?"

ఆయన గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"జరం తగ్గినాక ఓ రోజు నేను పాడతన్నా, నువ్వు తిరగలి కాడ కూసోని నా నోటెంకే చూస్తన్నావు. వినపడక కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చావే. నువ్వు వినలేని పద్యం ఆ ఇంట్లో పాడకూడదని ఆ పొద్దే ఒట్టేసుకున్నా. ఈ మిషనుతో మాటలైతే వినపడతన్నాయి గానీ, పద్యం కూడా వినపడిద్దని ఇయ్యాల్టిదాకా నమ్మలా."

పెద్దమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందీ, సరిగా వినపళ్ళా, మళ్ళా చెప్పు," అంది. ఆవిడ పక్కనే కూర్చున్నాను నేను, మిషను శుభ్రంగా కుయ్యిమంటూనే ఉంది. పాపం పెద్దనాన్న గొంతు పెంచి మొత్తం మళ్ళీ చెప్పాడు. ట్రక్కులో అందరం గొల్లుమని నవ్వాం, ఆవిడ మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుంది.

అన్న మాట ప్రకారం ఆయన మళ్ళీ రంగు పూసుకోలేదు. కానీ ఊపిరి ఉన్న మేరకు రోజూ పొద్దున వసారాలో కూర్చుని పాడేవాడు, ఒక పాదం, రెండు పాదాలు, బాగున్న రోజు పద్యం మొత్తం. ఆవిడ మజ్జిగ చిలుకుతూ తప్పులు దిద్దేది, లేని తప్పులు కూడా దిద్దేది, మళ్ళీ పాడించుకోవడానికి. నాకు పెళ్ళయి నరసరావుపేట వచ్చేస్తుంటే ఛార్జరు పని పెద్దనాన్న తీసుకున్నాడు. పొద్దుగూకగానే సెల్లు జంటగా పెట్టడం, పొద్దున్నే తీసి, తనే తుడిచి, పెద్దమ్మ మిషనులో వేసి, ఆ తర్వాతే గొంతు సవరించుకోవడం. సెలవులకు వెళ్ళినప్పుడు చూశాను, ఎంత శ్రద్ధగా చేసేవాడో. ఆయన పోయాక ఆవిడ ఆ మిషను పెట్టుకోలేదు. పెట్టుకో పెద్దమ్మా అంటే, "ఇంకేం వినాల్నే," అంది, అంతే.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి గోడకూ ప్లగ్గులే, ప్రతి ప్లగ్గుకూ ఏదో ఒకటి వేలాడుతూనే ఉంటుంది. ఎవరి ఫోను వాళ్ళు ఛార్జింగులో పెట్టుకుని పడుకుంటారు, పొద్దున్నే ఎవరిది వాళ్ళు పీక్కుని పోతారు. నేనూ అంతే. ఒకరి పద్యం ఇంకొకరికి వినపడాలని రోజూ సాయంత్రం ఛార్జింగు పెట్టే మనిషిని మాత్రం మళ్ళీ ఎక్కడా చూడలేదు.